వేడినీళ్ళలో వేసిన గొంగళి

నాకు కోపం ఎక్కువ. ఇది నేను ఒప్పుకుంటున్న మాట కాదు, నాతో బతికిన వాళ్ళందరూ చెప్పిన మాట. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పాను. నేను వరండాలో నడిచి వస్తుంటే నా క్లాసే కాదు, పక్క క్లాసు కూడా నోరు మూసుకునేది. అది గౌరవమనుకుని చాలాకాలం మురిసిపోయాను. రిటైరయ్యాక అరవడానికి పిల్లలు లేక మా ఆయన మీద, పాల ప్యాకెట్లు వేసే మనిషి మీద, చివరికి విజిల్ ఆలస్యంగా వేసిన కుక్కర్ మీద కూడా అరిచేదాన్ని. బీపీ చూసిన డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, చేతులతో చేసే పని ఏదైనా నేర్చుకోమంది. గిన్నెలు తోమడం చేతులతో చేసే పని కాదా అని ఆమె మీదా విసుక్కున్నాను.

బెంగళూరులో ఉండే మా చెల్లెలు ఈ సంగతి విని ఒక అట్టపెట్టె పంపింది. అందులో దూదిలా తేలికైన రంగురంగుల ఉన్ని, ఒక స్పాంజి దిమ్మ, నాలుగు పొడుగాటి సూదులు ఉన్నాయి. ఉన్నిని ఉండ చుట్టి, దిమ్మ మీద పెట్టి, సూదితో పొడుస్తూ పోవాలి. అంతే పని. దారం లేదు, జిగురు లేదు. ఆ సూది అంచుల్లో కంటికి ఆననంత చిన్న గాట్లు ఉంటాయి. పొడిచిన ప్రతిసారీ అవి పైపోగుల్ని పట్టుకుని లోపలికి లాగుతాయి. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉండ గట్టిపడుతుంది, మెల్లగా ఏదో ఒక ఆకారం వస్తుంది. నాకు మొదట వచ్చింది పిచ్చుక. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, కాకరకాయ బాగా కుదిరిందన్నారు.

మొదటి వారంలోనే మూడు సూదులు విరగ్గొట్టి, చెల్లెలి చేత మళ్ళీ తెప్పించుకున్నాను. ఎడమచేతి వేళ్ళు జల్లెడైపోయాయి. ఆ తర్వాత కానీ ఆ పని గుట్టు నాకు తెలియలేదు. కోపంగా పొడిస్తే సూది విరుగుతుంది. నిటారుగా దించాలి, దించిన దారిలోనే పైకి తీయాలి. మనసు ఎక్కడో పెట్టుకుని పొడిస్తే వేలికి దిగుతుంది. అలా రోజూ పొద్దున కాఫీ తాగాక ఓ గంట కూర్చునేదాన్ని. టిక్కు టిక్కుమని ఆ చిన్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినిపించేది కాదు. రెండు నెలలు తిరిగేసరికి పాల ప్యాకెట్ల మనిషి నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. బీపీ దిగింది. నేను మారిపోయానని నాకు నేనే ఒక సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. పాత తోటి టీచర్లు ఫోన్ చేస్తే చాలు, ఉన్ని గురించి, ప్రశాంతత గురించి అరగంట పాఠం చెప్పేదాన్ని.

ఆ ఉన్ని ఎంత మెత్తగా ఉండేదంటే, పని మొదలుపెట్టే ముందు ఒక పాయ తీసి చెంపకు ఆనించుకునేదాన్ని. అది ఏ దేశపు గొర్రెదో, ఎవరు కత్తిరించారో, ఏయే చేతులు దాటి నా చెంప దాకా వచ్చిందో ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

పెద్ద బొమ్మలు చేయడానికి ఆ మెత్తటి ఉన్ని చాలదు. లోపల నింపడానికి మోటు ఉన్ని కావాలి. కర్నూలులో ఎక్కడ దొరుకుతుందో తెలియక, ఒకరోజు బట్టల షాపులో మాటవరసకు అడిగాను. అక్కడ చీరలు చూపిస్తున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "మేడం, నేను మీ స్టూడెంట్‌ను" అంది. ఓర్వకల్లు దగ్గర నేను పనిచేసిన స్కూల్లో పదో తరగతి చదివిందట. నేను ఒకసారి చెవి మెలిపెట్టానని కూడా నవ్వుతూ గుర్తు చేసింది. వాళ్ళది గొర్రెల కాపర్ల ఇల్లు. వాళ్ళ అవ్వ దగ్గర నల్ల ఉన్ని గోనెసంచిలో కట్టి ఉందని, కావాలంటే వచ్చి తీసుకోమని చెప్పింది. ఆ ఆదివారమే అమ్మాయితో కలిసి బస్సెక్కాను.

ఓర్వకల్లు దాటాక రాతిగుట్టల పక్కన దిగి, మట్టిదారిలో కొంచెం నడవాలి. అవ్వ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. సన్నటి మనిషి. చెవులకు బరువైన కమ్మలు పెట్టీ పెట్టీ తమ్మెలు సాగిపోయాయి. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచి, ఇంట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎండలో వచ్చానేమో, ఎత్తిపట్టి గటగటా తాగేశాను. తాగుతూ తాగుతూనే నా భుజం నేనే తట్టుకున్నాను.

ఎందుకో చెప్పాలి. మా పుట్టిల్లు కడప వైపు మెట్టచేలున్న ఊరు. కోతలయ్యాక ఎరువు కోసం మా చేలలో గొర్రెల మందలు కట్టించేవాళ్ళు. మందతో వచ్చిన కాపరికి మా ఇంట్లో సంగటి పెట్టేవాళ్ళు. కానీ నీళ్ళకు మాత్రం వసారా గూట్లో ఒక సొట్టపడిన గ్లాసు వేరుగా ఉండేది. అతను గొంగళి భుజాన వేసుకుని మెట్టెక్కితే మా నాయనమ్మ, మేం జేజి అనేవాళ్ళం, ఊరుకునేది కాదు, దాన్ని బయట గోడ మీద వేసి రమ్మనేది. జేజి కులం మాట ఎత్తేది కాదు, గొర్రె కంపు అనేది. పదేళ్ళప్పుడు నేను అందరూ చూస్తుండగా ఆ గూట్లో గ్లాసు తీసుకుని దాంతో నీళ్ళు తాగి, జేజి చేత వీపు మీద నాలుగు తిన్నాను. ఆ నాలుగు దెబ్బల్ని నేను జీవితాంతం వాడుకున్నాను. క్లాసులో చెప్పాను, మీటింగుల్లో చెప్పాను, పెళ్ళైన కొత్తలో మా ఆయనకు చెప్పాను. ఆరోజు ఆ అవ్వ అరుగు మీద కూర్చుని ఆ అమ్మాయికి కూడా చెప్పాను. అవ్వ కందులు చెరుగుతూనే వింది.

సంచి విప్పి ఉన్ని చూపించింది. గరుకుగా, జిడ్డుగా, చొప్ప ముక్కలతో ఉంది. ఇప్పుడు మందల్లో అన్నీ వెంట్రుక గొర్రెలేనట, మాంసానికి తప్ప దేనికీ పనికిరావట. ఉన్ని ఇచ్చే నల్లగొర్రెలు వాళ్ళకి నాలుగే మిగిలాయి. కోసిగి వైపు నుంచి వచ్చి గొంగళ్ళు నేసి ఇచ్చేవాళ్ళు కూడా కూలిపనులకు వలస పోయారని, తన దగ్గరున్న ఉన్నిని అడిగినవాళ్ళే లేరని చెప్పింది. నా సంచిలోంచి దిమ్మ, సూది తీసి అక్కడే కొంచెం ఉన్ని పొడిచి చూపించాను. దారం లేకుండా పోగు పట్టుకోవడం అవ్వకు వింతగా ఉంది. ఉండను గిల్లి చూసింది, లాగి చూసింది, మనవరాలి చేతికిచ్చి లాగమంది. ఊడలేదు.

అప్పుడు లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి ఒక గొంగళి తెచ్చి నా ముందు పరిచింది. నల్లటి గొంగళి, అంచుకు సన్నగా తెల్లచార. మంచం నిండా పరుచుకునేంత పెద్దది. అక్కడక్కడా పురుగు కొట్టి, వేలు పట్టేటన్ని చిల్లులు పడ్డాయి.

"మా ముసలాయన సొంత గొర్రెల బొచ్చుతో నేయించినాడమ్మా ఇది. దీనిమిందనే మాకు పెండ్లి జరిగింది. నా కూతురికీ దీనిమిందనే. ఇప్పుడు ఈ మనవరాలికి పెండ్లి పెట్టుకున్నాం. పిల్లా పిలగాడు కూర్చునేటప్పుడు బొక్కలుంటే బాగుండదు. నీ సూదితో మూసేకయితాదా?"

వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికి పీటల కంటే గొంగళి ముఖ్యం. ఇద్దరూ దాని మీద పక్కపక్కన కూర్చుంటేనే అది పెళ్ళి. ఆ ఇంటి పెద్దాయన గొంగళే అయితే ఇంకా మంచిది. అవ్వ భర్త పోయి ఆరేళ్ళయింది. వాళ్ళకు మిగిలింది ఇదొక్కటే. పెళ్ళికి నెలన్నర ఉంది. పది రోజుల్లో కొత్తదానిలా చేసిస్తానన్నాను. నిజానికి అది నాకు చేతనైన పనే. చిల్లు కింద దిమ్మ పెట్టి, పైన అదే నల్ల ఉన్ని పరిచి పొడిస్తే నేతలో నేతలా కలిసిపోతుంది. అవ్వ గొంగళిని మడతపెట్టి, రెండు చేతులతో నా ఒళ్ళో పెట్టింది.

బస్సులోనే ఇబ్బంది మొదలైంది. ఆ మడతలోంచి వాసన. గొర్రెల వాసన, పొయ్యి పొగ, చెమట, బీడీ, పాత ట్రంకుపెట్టె, అన్నీ కలిసిన వాసన. పక్క సీటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, ఆ గొంగళి నాది కాదన్నట్టు దాన్ని కాళ్ళ దగ్గరికి జార్చాను. ఇంటికి వచ్చాక లోపలికి తీసుకుపోలేదు. ప్రహరీ గోడ మీద వేశాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి కాఫీ పెట్టుకున్నాను. జేజి గుర్తుకు రాలేదు. నిజం చెబుతున్నాను, అప్పుడు అసలు గుర్తుకు రాలేదు.

మర్నాడు పని మొదలుపెడదామని కూర్చున్నాను. రోజూ కూర్చునే బల్ల, రోజూ వాడే దిమ్మ. గొంగళి ఒళ్ళో వేసుకోవాలి, మొహం దగ్గరగా పెట్టుకుని చూడాలి. నా వల్ల కాలేదు. పురుగు గుడ్లు ఉంటాయి, ముందు అవి చావాలి అనుకున్నాను. జీవశాస్త్రం చదివిన బుర్ర కదా, సాకు కూడా శాస్త్రీయంగానే వెతుక్కుంది. పురుగే సమస్య అయితే కర్నూలు ఎండలో రెండు రోజులు వేస్తే చాలు, బూడిదైపోతుంది. నాకు కావలసింది పురుగు చావడం కాదు. ఆ మనుషుల వాసన పోవడం.

గొంగళిని వాషింగ్ మెషీన్‌లో కుక్కి, సబ్బుపొడి వేసి, దాని మీద ఆసుపత్రుల్లో నేల తుడిచే మందు ఒక మూత పోసి, వేడినీళ్ళకు తిప్పాను. మా ఆయన పేపర్ మడిచి, "అది ఉతికేదేనా?" అని అడిగారు. నాకు తెలీదా అన్నాను.

నాకు తెలుసు. అదే చెప్పుకోలేని సిగ్గు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయని, వేడికీ సబ్బుకీ అవి విచ్చుకుని, కుదుపుకు ఒకదానికొకటి పట్టుకుంటాయని, ఇక విడవవని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని నేను. నా సూది ఒక్కొక్క పోటుగా చేసే పనిని ఆ మెషీన్ ఒక్కసారిగా చేస్తుందని నాకు తెలియదా? ముక్కు పుటాలు మూసుకుంటే బుర్ర కూడా మూసుకుపోయింది.

గంట తర్వాత మూత తీశాను. డ్రమ్ము అడుగున నల్లగా, ముద్దగా ఏదో ఉంది. పైకి తీస్తే సగం అయింది. పొడవు సగం, వెడల్పు సగం కంటే తక్కువ. మందంగా, అట్టలా బిగిసిపోయింది. తెల్లచార మెలికలు తిరిగి ఉంది. చిల్లులు చాలావరకు వాటంతట అవే మూసుకుపోయాయి. ఆ మాట నవ్వొచ్చేలా ఉంది కానీ, నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత పదిహేను రోజులు ఏం చేశానో చెబితే నన్ను పిచ్చిదంటారు. ఒక కొస నేను, ఒక కొస మా ఆయన పట్టుకుని మేడ మీద లాగాం. తడిపి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఎండబెట్టాను. తలకు రాసుకునే కండిషనర్‌లో నానబెట్టాను. ఒక జానెడు కూడా రాలేదు. ఉన్ని కలిపి అంచులు పెంచుదామని సూది తీసుకున్నాను. ఆ అట్టలోకి సూది దిగలేదు. ఒకటి విరిగింది, రెండోది విరిగింది. మూడోది విరిగాక మా ఆయన నా చెయ్యి పట్టుకుని, వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేసి రా అన్నారు. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో మీకేం తెలుసని అరిచాను. ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. పని నడుస్తోందన్నాను. నా బీపీ ఎంత ఉందో చూసుకోలేదు.

పెళ్ళి నాలుగు రోజులుందనగా అవ్వే వచ్చింది. పెళ్ళిపత్రిక, కొంగున మూటగట్టిన నిమ్మకాయలు తెచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పత్రిక ఇచ్చి, రావాలని చెప్పి, గొంగళి కోసం నా మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళి ఆ ముక్క తెచ్చాను. దానితో పాటు షాపులో కొన్న కొత్త రగ్గు, సంచి కూడా విప్పనిది, తెచ్చాను. అవ్వ నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను. మొన్న గాలివాన వచ్చిందా, మేడ మీద ఆరేసి మర్చిపోయాను, వానకు తడిసి ఇలా ముడుచుకుపోయింది అన్నాను. ఇంత గడగడా క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పి ఉండను.

వానకు! గొంగళి పుట్టిందే వాన కోసం. కాపరి దాన్ని నెత్తిన ముసుగులా కొప్పెర వేసుకుని శ్రావణం, భాద్రపదం అంతా గుట్టల్లో తడుస్తాడు. వానకు ముడుచుకుపోతే అది గొంగళే కాదు. ఆ సంగతి తెలియని అబద్ధం పట్నంలో కూర్చున్న నాలాంటిది మాత్రమే ఆడగలదు. ఆడేశాక తెలిసింది, అప్పటికి మాట నోరు దాటిపోయింది.

అవ్వ ఆ ముక్కను ఒళ్ళో వేసుకుని తెల్లచార వెంట వేలితో తడుముకుంటూ పోయింది. తర్వాత దాన్ని ఎత్తి ముక్కుకు ఆనించుకుంది. 

"వానకు తడిస్తే గొంగళి ఇంగా ఎక్కువ గొర్రె వాసన కొడతాదమ్మా. ఇది సబ్బు వాసన కొడతాండాది."

నేను కాళ్ళ కింద బండ వైపు చూస్తూ నిలబడ్డాను. ఎన్నో వందల మంది పిల్లలు నా ముందు సరిగ్గా అలాగే నిలబడ్డారు. అప్పుడు నేను చెంప పగలగొట్టేదాన్ని. అవ్వ అయినా కొట్టి ఉంటే బాగుండేది.

"మా ముసలాయన బీడీ వాసన ఉండె దాంట్లో. అప్పుడప్పుడు పెట్టె తీసి చూసుకుంటాంటి. అదీ పాయె" అంది. కోపంగా అనలేదు. ఎవరితోనో కాదు, తనతోనే అనుకున్నట్టు అంది. కొత్త రగ్గు వద్దనలేదు, చలికి కప్పుకుంటాంలే అని చంకన పెట్టుకుంది. రెండూ తీసుకుని, గేటు దగ్గర ఆగి, పెళ్ళికి తప్పకుండా రావాలని మళ్ళీ చెప్పి వెళ్ళిపోయింది. నిజం చెప్పడానికి నాకు ఆ గేటు దాకా టైముంది. చెప్పలేదు.

పెళ్ళికి పోకూడదనే అనుకున్నాను. మా ఆయన కారు తాళాలు బల్ల మీద పెట్టారు. పందిట్లో ఎవరికీ కనపడకుండా వెనక వరసలో కూర్చున్నాను. పెళ్ళికూతురు చూసి, అంత హడావుడిలోనూ, "మేడం వచ్చినారు" అని ఎవరితోనో చెప్పి ముందుకు పిలిపించింది. అవ్వ ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదని ఆ నవ్వు చూస్తేనే తెలిసింది.

కూర్చునే వేళకు అవ్వ గొంగళి తెచ్చి పరిచింది. కొత్త రగ్గు కాదు, ఆ ముక్కే. పందిట్లో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. పిల్లా పిలగాడూ దాని మీద ఒకరినొకరు ఒరుసుకుని, మోకాళ్ళు నేల మీదికి వచ్చేలా కూర్చున్నారు. తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఒకడు, ఆయనా కాపరే అయి ఉంటాడు, వంగి అంచు పట్టి చూసి, దీనికేమొచ్చింది అని అవ్వను అడిగాడు.

"వానకు తడిసి కురచైంది" అంది అవ్వ.

అక్కడున్న వాళ్ళంతా గొర్రెల వెనక పుట్టి పెరిగినవాళ్ళు.  ఆ మాటకు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పెద్దాయన అవ్వ భుజం మీద చెయ్యి వేసి, "నీకు మతి పోతాండాదిలే పెద్దమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నా అబద్ధాన్ని మోసుకుని, తన వాళ్ళ ముందు వెర్రిదై నిలబడి, నా వైపు ఒక్కసారైనా చూడలేదు. నేను లేచి, తప్పు నాది, నేను చేశాను అని ఒక్క మాట అంటే చాలు. పదేళ్ళప్పుడు గూట్లో గ్లాసు ఎత్తి తాగినదాన్ని, అరవై దాటాక కుర్చీలోంచి లేవలేకపోయాను. తలంబ్రాలు పడుతుంటే అందరితో పాటు అక్షింతలు వేశాను.

భోజనాల వేళ బంతి చివర ఆకు ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ రేకుల మీద చుర్రుమంటోంది. వడ్డించేవాళ్ళు చెంబులతో నీళ్ళు పోసుకుంటూ వస్తున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి అవ్వ వాళ్ళను ఆపి, తనే వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ నీళ్ళ సీసా ఉంది. కూల్‌డ్రింకుల అంగట్లో కొన్నది, ఇంకా చెమ్మ కారుతోంది. నా ఆకు పక్కన పెట్టింది.

నాకు అందరి నీళ్ళే పొయ్యి అవ్వా, ఆరోజు మీ ఇంట్లో తాగలేదా అన్నాను. 

"వద్దులేమ్మా. ఆ పొద్దు మాకు తెలక ఇచ్చినాం" అంది. సీసాను ఇంకొంచెం నా వైపు జరిపింది. "ఇది కొత్తదే. ఎవురూ ముట్టలేదు, మూత గూడా తీయలేదు, సూడు."

వెక్కిరింత కాదు. ఆ మొహంలో వెక్కిరింత అణువంత కూడా లేదు. ఇంటికి వచ్చిన మనిషికి ఏది సరిపడదో తెలుసుకుని, ఏది సరిపడుతుందో అది తెచ్చిపెట్టింది, అంతే. మా జేజి గూట్లో గ్లాసు పెట్టి ఒక మనిషిని వేరు చేసింది. నన్ను వేరు చేయడానికి ఇంకెవరూ అక్కర్లేకపోయింది, ఆ పని నేనే చేసుకున్నాను.

బంతిలో అందరూ తినడం మొదలుపెట్టారు. అవ్వ నేను తాగుతానా లేదా అని అక్కడే నిలబడి ఉంది. మూత తిప్పాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అవ్వ చూస్తుండగా సగం సీసా తాగి, కింద పెట్టాను.